కైతెన్-జుషి: బెల్టు మీద తిరిగే సుషీ

జపాన్ నగరాల్లో బెల్టు మీద తిరుగుతూ వచ్చే ప్లేట్లలోంచి నచ్చింది తీసుకుని తినే చవక సుషీ హోటళ్లను కైతెన్-జుషి అంటారు. 1958లో ఒసాకా పక్కనున్న ఫుసే పట్టణంలో యోషియాకి షిరాయిషి అనే హోటల్ యజమాని ఈ పద్ధతిని మొదలుపెట్టాడు. ఇవాళ సుషిరో, కురా సుషీ, హమా సుషీ అనే మూడు పెద్ద సంస్థలకు ఒక్కొక్కదానికి జపాన్‌లోనే అయిదు వందలకు పైగా శాఖలున్నాయి. రైల్వే స్టేషన్ల దగ్గరా, షాపింగ్ మాల్స్‌లోనూ, ఊరి చివర పెద్ద రోడ్ల పక్కన కార్లు నిలుపుకునే ఖాళీ స్థలాలతోనూ ఇవి కనిపిస్తాయి. శని, ఆదివారాల్లో సాయంత్రం పూట టోకెన్ తీసుకుని తమ నంబరు వచ్చేదాకా కూర్చోవడం అక్కడి కుటుంబాలకు అలవాటైన సంగతి.

ఈ హోటళ్లకు వెళ్లి వచ్చినవాళ్లు ముందుగా చెప్పేది యంత్రం గురించే. ప్లేట్లు కళ్లముందు ఊరేగుతుంటే చూపు అటు పోవడం సహజం. అయితే జపాన్ సామాన్యుడి జీవితంలో కైతెన్-జుషి తెచ్చిన పెద్ద మార్పు ధరను బయటపెట్టడం. పాత పద్ధతి సుషీ దుకాణాల్లో చాలాచోట్ల ధరల పట్టిక ఉండదు. ఉన్నా, మంచి చేపల పేర్ల కింద 'ఆనాటి ధర' అన్న మాటే ఉంటుంది. తినడం అయ్యాక యజమాని ఎంత చెబితే అంత. చిన్న జీతగాళ్లకూ, విద్యార్థులకూ, పిల్లల్ని వెంటబెట్టుకున్న తల్లులకూ ఆ గడప తొక్కడానికి ధైర్యం చాలేది కాదు. ప్లేటు రంగును బట్టి ధర అన్న పద్ధతి వచ్చాక ఆ బెరుకు పోయింది. తింటున్నంతసేపూ తన బిల్లు ఎంతయిందో తనకే తెలుస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కైతెన్-జుషి చరిత్రలో మిగతావన్నీ అర్థమవుతాయి.

బండి మీది తిండి

సుషీ పుట్టుక పచ్చి చేపతో కాదు, చేపను నిలవ చేసుకోవడంతో. ఉప్పు పట్టించిన చేపను వండిన అన్నంలో పొరలు పొరలుగా అదిమి నెలల తరబడి ఊరబెట్టేవారు. అన్నం పులిసి, ఆ పులుపు చేపను చెడకుండా కాపాడేది. తినేటప్పుడు అన్నం పారేసి చేప మాత్రమే తినేవారు. వరి పండించే ఆగ్నేయాసియా నదీ తీరాల్లో పుట్టిన ఈ పద్ధతి చైనా మీదుగా జపాన్ చేరిందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. షిగా ప్రాంతంలో బివా సరస్సు చేపతో ఇప్పటికీ చేసే ఫునా-జుషి ఆ పాత రకానికి మిగిలిన ఆనవాలు. వాసన ఘాటుగా ఉంటుంది, అలవాటు లేనివాళ్లు నోట పెట్టలేరు.

అన్నం పులిసేదాకా ఆగే తీరిక నగరానికి ఉండదు. కాలం గడిచేకొద్దీ ఊరబెట్టే రోజులు తగ్గుతూ వచ్చి, చివరికి అన్నంలో వెనిగర్ కలిపి అప్పటికప్పుడే పులుపు తెప్పించడం మొదలైంది. మనం పులిహోరకు అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి మెతుకు విరగకుండా పులుపు పట్టించినట్టే, వాళ్లు వేడి అన్నాన్ని చెక్క తొట్టిలో పరిచి, వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు చల్లి, విసురుతూ తిరగేస్తారు. 19వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, ఈ అన్నాన్ని చేత్తో ముద్ద చేసి పైన చేప ముక్క అద్ది ఇవ్వడం మొదలైంది. అదే నిగిరి. ర్యోగొకులో దుకాణం పెట్టిన హనయా యోహెయి (1799–1858) పేరు ఈ సందర్భంలో ఎక్కువగా వినిపిస్తుంది. నిగిరికి తగిన చవక వెనిగర్ కూడా ఆ కాలానికే అందుబాటులోకి వచ్చింది. హందా పట్టణంలో సాకే అనే బియ్యపు మద్యం తయారుచేసే మతాజయెమోన్ నకానో, 1804లో సాకే వడకట్టగా మిగిలిన పిప్పితో వెనిగర్ చేసే వ్యాపారం మొదలుపెట్టాడు. మిజ్కాన్ పేరుతో ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

ఆ రోజుల్లో నిగిరి అంటే వీధి బండి తిండి. స్నానశాల నుంచి ఇంటికి పోతూనో, పని మధ్యలోనో మనిషి బండి దగ్గర నిలబడి రెండు మూడు ముక్కలు నోట్లో వేసుకుని, డబ్బులిచ్చి వెళ్లిపోయేవాడు. ముద్ద ఇప్పటిదానికంటే బాగా పెద్దది. ఐసు లేదు గనక చేపను సోయా సాస్‌లో నానబెట్టడమో, వెనిగర్ పట్టించడమో, ఉడికించడమో చేసేవారు. ఇవాళ అత్యంత ఖరీదు పలికే ట్యూనా పొట్ట భాగం, తోరో, అప్పట్లో ఎవరికీ అక్కర్లేని ముక్క. కొవ్వు ఎక్కువ కాబట్టి త్వరగా పాడయ్యేది, సోయా సాస్ కూడా దానికి పట్టేది కాదు.

1923లో వచ్చిన మహా కాంటో భూకంపంతో టోక్యో నేలమట్టమైనప్పుడు సుషీ వంటవాళ్లు చాలామంది సొంత ఊళ్లకు చెదిరిపోయారు. వాళ్లతోపాటు టోక్యో నిగిరి దేశమంతా పాకింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బియ్యం రేషన్ ఉన్న రోజుల్లో, 1947లో, హోటళ్ల మీద ఆంక్షలు వచ్చాయి. టోక్యో సుషీ వర్తకులు అధికారులతో మాట్లాడి ఒక దారి తెచ్చుకున్నారు. తినేవాడు తన బియ్యం తానే తెచ్చి ఇస్తే, ఒక గో బియ్యానికి, అంటే సుమారు 150 గ్రాములకు, పది నిగిరిలు చేసి కూలి తీసుకోవచ్చు. ఈ పద్ధతిని మిగతా ప్రాంతాలూ అనుసరించాయి. ఇంచుమించు అదే కాలంలో పారిశుధ్యం పేరిట వీధి బండ్ల మీద పచ్చి చేప అమ్మకం నిలిచిపోయింది. సుషీ నాలుగు గోడల మధ్యకు చేరింది, బల్ల వెనక ఉస్తాదు నిలబడ్డాడు, ధర పెరిగింది. పెళ్లిచూపులకో, పై అధికారిని సత్కరించడానికో తప్ప మామూలు మనిషి సుషీ తినడం అరుదైపోయింది. షిరాయిషి రంగం మీదకు వచ్చేనాటికి పరిస్థితి ఇది.

మూల మలుపు

షిరాయిషి 1914లో ఎహిమే ప్రాంతంలో పుట్టాడు. యుద్ధం తర్వాత ఒసాకా ప్రాంతంలో స్థిరపడి, నిలబడి తినే చిన్న సుషీ దుకాణం నడిపాడు. చుట్టూ చిన్న చిన్న ఫ్యాక్టరీలు. వచ్చేవాళ్లంతా ఆ కార్మికులే, వాళ్లకు కావలసింది చవకైన తిండి, త్వరగా. బేరం బాగానే ఉన్నా పనివాళ్లు దొరికేవారు కాదు. దొరికినా నిలిచేవారు కాదు. అలాంటి రోజుల్లో అసాహి బీరు కర్మాగారం చూడ్డానికి వెళ్లినప్పుడు, కన్వేయర్ బెల్టు మీద సీసాలు వరసగా సాగిపోవడం ఆయన కంటపడింది. వడ్డించే మనిషి బదులు బెల్టే ప్లేట్లు తెచ్చిపెడితే ఒక్క వంటవాడు పదిమందికి సరిపోతాడని లెక్క వేసుకున్నాడు.

ఆలోచన తట్టడం వేరు, అది పనిచేయడం వేరు. ఏళ్ల తరబడి ఆయన్ని వేధించింది మూల మలుపు. తిన్నగా పోయేంతవరకు ఏ బెల్టయినా సరిపోతుంది. హోటల్లో బల్ల చుట్టూ తిరిగి రావాలంటే నాలుగు చోట్ల మళ్లాలి. మలుపులో బెల్టు బయటి అంచు ఎక్కువ దూరం పోవాలి, లోపలి అంచు తక్కువ దూరం. బిగువైన పట్టీ దానికి లొంగదు, ప్లేట్లు ఒకదాన్నొకటి గుద్దుకుని పడిపోతాయి. చివరికి కుదిరిన ఉపాయం నెలవంక ఆకారంలో కోసిన పలకల వరుస. ఒక పలక కుంభాకార అంచు పక్క పలక పుటాకార అంచులో ఒదిగి ఉంటుంది, అడుగున గొలుసు లాగుతుంది. మలుపు వచ్చినప్పుడు పలకలు ఒకదాని కిందికొకటి జారుతూ సర్దుకుంటాయి, పైన సందు పడదు. ఇప్పుడు ఏ కైతెన్ హోటల్లో కూర్చున్నా, రెండు ప్లేట్ల మధ్య ఖాళీలో ఆ నెలవంక అతుకులు స్పష్టంగా కనిపిస్తాయి. సుషీ తినడానికి వెళ్లినవాళ్లు ఒక్క నిమిషం అటు చూడటం మంచిది. ఆ మనిషి శ్రమంతా ఆ అతుకులోనే ఉంది.

వేగం కూడా తేల్చుకోవాల్సి వచ్చింది. నెమ్మదిగా పోతే ఆకలి మీదున్నవాడికి విసుగు. జోరుగా పోతే తీసుకునేలోపు ప్లేటు దాటిపోతుంది, గాలికి చేప ఆరిపోతుంది. సెకనుకు 8 సెంటీమీటర్ల దగ్గర ఆయన స్థిరపడ్డాడు. నేటికీ చాలా హోటళ్ల బెల్టులు ఇంచుమించు ఆ వేగంతోనే నడుస్తాయి.

1958 ఏప్రిల్‌లో ఫుసే స్టేషన్ దగ్గర గెన్రొకు సుషీ తలుపులు తెరిచింది. ఫుసే ఇప్పుడు హిగాషి-ఒసాకా నగరంలో భాగం. 1962లో ఈ బెల్టు బల్ల మీద హక్కును షిరాయిషి పేరిట నమోదు చేశారు. దేశమంతటికీ తెలిసింది మాత్రం 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో. ఆరు కోట్ల 40 లక్షలకు పైగా జనం చూసిన ఆ ప్రదర్శనలో తిరిగే సుషీ బల్లకు పెద్ద పేరొచ్చింది. అప్పటికే గెన్రొకు పేరుతో వేరేవాళ్లు శాఖలు తీసుకోవడం మొదలైంది. 1968లో ఉత్సునోమియాలో అలా మొదలైన ఒక శాఖే తర్వాతి కాలంలో గెంకి సుషీ అనే సంస్థ అయింది. 1970ల చివర్లో షిరాయిషి హక్కు గడువు తీరింది. ఆ తలుపు తెరుచుకోగానే పోటీదారులు వచ్చిపడ్డారు. ఆయన తర్వాత రోబోలతో వడ్డించే హోటల్ కూడా ప్రయత్నించాడు గానీ అది సాగలేదు. 2001లో కన్నుమూశాడు.

బెల్టులు తయారుచేసే పరిశ్రమ ఒసాకాలో కాక, జపాన్ సముద్రం ఒడ్డునున్న ఇషికావా ప్రాంతంలో వేళ్లూనుకుంది. అక్కడి ఇషినో సెయిసకుషో, నిహోన్ క్రెసెంట్ అనే రెండు సంస్థలే దేశంలోని కైతెన్ బెల్టులు దాదాపు అన్నీ చేస్తాయి. బల్ల మీదే వేడినీళ్ల కుళాయి బిగించి తినేవాళ్లే టీ కలుపుకునే ఏర్పాటు 1970ల్లో ఇషినో నుంచి వచ్చింది. టీ పోసే మనిషి అవసరమూ అంతటితో తీరింది.

బల్ల దగ్గర

లోపలికి అడుగుపెట్టగానే తలుపు పక్కన తెర ఉన్న యంత్రం ఉంటుంది. ఎంతమంది, పొడవు బల్ల దగ్గర కూర్చుంటారా లేక కుటుంబాల బల్ల కావాలా అన్నది నొక్కితే నంబరు చీటీ వస్తుంది. మొదటి తరం హోటళ్లలో బెల్టు చుట్టూ ఎత్తు కుర్చీలు మాత్రమే ఉండేవి. బెల్టుకు అడ్డంగా నలుగురైదుగురు ఎదురెదురుగా కూర్చునే బల్లలు వచ్చాకే పిల్లలున్న ఇళ్లు కదిలి వచ్చాయి. వ్యాపారం ఊరి చివర్లకు పాకింది కూడా ఆ బల్లల పుణ్యమే.

బల్ల మీద కప్పులు, పచ్చటి టీ పొడి డబ్బా, సోయా సాస్, పల్చటి తీపి-పులుపు అల్లం ముక్కలు ఉంటాయి. అల్లాన్ని గారి అంటారు, ఒక రకం చేప నుంచి ఇంకో రకానికి పోయేటప్పుడు నాలుక శుభ్రం కావడానికి నములుతారు. పక్కనే ఉన్న నల్లటి బొత్తాన్ని కప్పుతో నొక్కితే మరిగే వేడినీళ్లు వస్తాయి. చేతులు కడుక్కునే కుళాయి అనుకుని వేళ్లు పెట్టిన విదేశీయులు చాలామంది ఉన్నారు, పిల్లలు వెంట ఉంటే ఆ కుళాయి వైపు పెద్దవాళ్లు కూర్చోవాలి. వసాబి అనే ఘాటైన పచ్చటి ముద్దను ఇప్పుడు పెద్ద సంస్థలన్నీ అన్నంలో పెట్టడం మానేసి విడిగా పొట్లాల్లో ఇస్తున్నాయి. పిల్లలకు కారం తగలకూడదన్నదే కారణం.

ప్లేటులో మామూలుగా రెండు నిగిరిలు. ఖరీదైన చేపయితే ఒక్కటి. తీసుకున్న ప్లేటును తిరిగి బెల్టు మీద పెట్టకూడదు, ఇది అక్కడ అందరూ పాటించే కట్టు. తిన్న ప్లేట్లను ఒకదానిమీదొకటి పేర్చుకుంటారు. చివర్లో హోటల్ మనిషి వచ్చి రంగులవారీగా లెక్కపెట్టి చీటీ రాయడం పాత పద్ధతి. ఆ పేర్చిన వరస బల్ల మీద నిలబడి ఉన్నంతసేపూ ఖర్చు కంటికి కనిపిస్తూనే ఉంటుంది. ఇంకో ప్లేటు తీయాలా వద్దా అన్నది తినేవాళ్ల చేతిలో ఉంటుంది. కురా సుషీలో ఈ వరసే ఉండదు. బల్ల అంచున ఉన్న సన్నటి సందులో ప్లేటు వేస్తే, అడుగున పారే నీళ్లు దాన్ని కడిగే గదికి చేర్చేస్తాయి, లెక్క యంత్రమే కడుతుంది. అయిదు ప్లేట్లు వేసిన ప్రతిసారీ పైన తెర మీద చిన్న ఆట వస్తుంది, గెలిస్తే గుండ్రటి డబ్బాలో బొమ్మ పడుతుంది. నాలుగు ప్లేట్ల దగ్గర కడుపు నిండిన తండ్రిని ఇంకొక్కటి తినమని బతిమాలే పిల్లలు ఏ సాయంత్రమైనా అక్కడ కనిపిస్తారు.

ఎదురుగా ఉన్న తెర మీద బొమ్మలు చూసి ఆర్డర్ ఇవ్వడం ఇప్పుడు మామూలు. ఇంగ్లీషు, చైనీస్, కొరియన్ లాంటి భాషలూ అందులో ఉంటాయి. ఆర్డర్ ఇచ్చిన ప్లేటు పై వరసలోని వేగమైన బెల్టు మీద తిన్నగా మీ బల్ల దగ్గరకు వచ్చి ఆగుతుంది. కప్పా సుషీ అనే మరో సంస్థ కొన్ని శాఖల్లో బుల్లెట్ రైలు బొమ్మ మీద దాన్ని పంపుతుంది. సుషీ ఒక్కటే తినాలన్న నియమం లేదు. రామెన్, ఉదోన్ నూడుల్స్, ఆవిరికి ఉడికించిన గుడ్డు కస్టర్డ్, వేయించిన బంగాళాదుంపలు, కేకులు, కాఫీ అన్నీ వస్తాయి. కురా 2015లో వెనిగర్ కలిపిన సుషీ అన్నం మీదే కూర పోసి 'షారి కర్రీ' పేరుతో అమ్మింది. పుల్లటి అన్నంలో కూర కలుపుకోవడం మనకు వింత కాదు గానీ జపాన్ వాళ్లకు కొత్త.

నూరు యెన్‌ల ప్లేటు వెనక

సుషిరో 1984లో ఒసాకా పక్కనున్న తొయొనకాలో మొదలైంది. కురా 1977లో సకాయిలో పుట్టింది, అదీ ఒసాకా ప్రాంతమే. వర్తకుల ఊరిగా పేరున్న ఒసాకా చుట్టుపక్కలే ఈ వ్యాపారం పదునెక్కడం గమనించదగ్గది. హమా సుషీ మాత్రం గొడ్డుమాంసం అన్నం అమ్మే జెన్షో సంస్థ 2002లో పెట్టింది. వీటి మధ్య పోటీ ఏ ప్లేటయినా నూరు యెన్‌లే అన్న ధరను దేశమంతా స్థిరపరిచింది. అమ్మకం పన్ను కలిపాక అది 105, 108, 110 యెన్‌లుగా మారినా జనం నోట 'నూరు యెన్‌ల సుషీ' అన్న పేరే నిలిచింది.

ఆ ధరకు పచ్చి చేప పెట్టడం తేలిక కాదు. మామూలు హోటల్లో ముడిసరుకు ఖర్చు అమ్మకాల్లో మూడో వంతు దాటకుండా చూసుకుంటారు. పెద్ద కైతెన్ సంస్థల్లో అది సగం దాకా పోతుంది. మిగిలిన సగంలోనే అద్దె, జీతాలు, లాభం రావాలి. అందుకే మనిషి చేతిపని ఎక్కడెక్కడ తగ్గించవచ్చో అక్కడల్లా తగ్గించారు. అన్నం ముద్ద చేయడం అందులో మొదటిది. ఉస్తాదు దగ్గర ఏళ్లు గడిపితే గాని చేతికి రాని ఆ పనిని 1981లో సుజుమో సంస్థ తెచ్చిన యంత్రం చేసి చూపింది. దాన్ని తెచ్చిన కిసాకు సుజుకి అంతకుముందు మిఠాయి యంత్రాలు చేసేవాడు. బియ్యం మిగిలిపోతోందని వరి విస్తీర్ణం తగ్గించమని ప్రభుత్వం రైతులకు చెబుతున్న కాలమది. సుషీ చవకైతే జనం అన్నం ఎక్కువ తింటారు కదా అన్నది ఆయన వాదన. వరి పండించే నేల మీద పుట్టినవాళ్లకు ఆ బాధ చెప్పకుండానే తెలుస్తుంది. ఇప్పుడు ఈ యంత్రాలు గంటకు వేలకొద్దీ ముద్దలు పెడతాయి. పైన చేప ముక్క అద్దడం మాత్రం చేతి తొడుగులు వేసుకున్న మనుషుల పనే.

పారబోత రెండో గండం. బెల్టు మీద ఎక్కువ ప్లేట్లు పెడితే వృథా, తక్కువ పెడితే జనం నిరాశపడతారు. సుషిరో 2002 నుంచి ప్రతి ప్లేటు అడుగునా చిప్ అమర్చింది. బెల్టు మీద 350 మీటర్లు తిరిగినా ఎవరూ తీసుకోని ప్లేటు దానంతటదే పక్కకు తప్పుకునేది. ఏ బల్ల దగ్గర ఎందరున్నారు, కూర్చుని ఎంతసేపయింది, ఏం తిన్నారు అన్నది లెక్కగట్టి, ఇంకో నిమిషానికీ ఇంకో పావుగంటకూ ఏ చేప ఎంత కావాలో వంటగది తెర మీద చూపించే ఏర్పాటు చేసుకుంది. పాత దుకాణంలో ఉస్తాదు తినేవాడి ముఖం చూసి ఈ పని చేసేవాడు.

చవక పేరిట నమ్మకం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. ఉని (సీ అర్చిన్), పీత నిగిరిల గురించి టీవీల్లో ప్రచారం చేసి, చాలా శాఖల్లో సరుకే లేకుండా చేసినందుకు 2022 జూన్‌లో జపాన్ వినియోగదారుల వ్యవహారాల సంస్థ సుషిరోకు ఆదేశాలు జారీ చేసింది. చెప్పిన ధరకు చెప్పిన వస్తువు దొరుకుతుందన్న నమ్మకమే ఈ హోటళ్ల ప్రాణం గనక, ఆ ఆదేశం జరిమానాల కంటే గట్టిగా తగిలింది. అదే ఏడాది అక్టోబరులో, యెన్ విలువ పడి చేపల ధరలు పెరగడంతో, సుషిరో కనీస ధరను 110 నుంచి 120 యెన్‌లకు పెంచింది. కురా కూడా అప్పుడే పెంచింది. నూరు యెన్‌ల సుషీ కాలం అక్కడితో ముగిసిందని పత్రికలు రాశాయి.

చేపలు ఎక్కడివి

కైతెన్ బెల్టు మీద ఎక్కువమంది ఇష్టపడే చేప సాల్మన్. జపాన్ పాత సుషీ దుకాణాల్లో మాత్రం ఇది లేదు. పసిఫిక్‌లో దొరికే సాల్మన్‌లో పురుగులుంటాయని దాన్ని ఉప్పు పెట్టో కాల్చో తినేవారు, పచ్చిగా ముట్టేవారు కాదు. 1980ల మధ్యలో, చెరువుల్లాంటి వలల్లో పెంచిన సాల్మన్ నార్వేలో గుట్టలుగా మిగిలిపోతున్నప్పుడు, ఆ దేశ ప్రభుత్వం జపాన్ మార్కెట్‌ను లక్ష్యంగా పెట్టుకుని ప్రత్యేక కార్యక్రమం నడిపింది. పెంపకపు చేపకు మేత నుంచి పురుగులు సోకవని ఒప్పించడానికి ఏళ్లు పట్టింది. పేరున్న ఉస్తాదులు ఒప్పుకోకపోయినా, కైతెన్ హోటళ్లు ఆ చేపను ఎత్తుకున్నాయి. నారింజ రంగు, మెత్తదనం, కొవ్వు పిల్లలకు నచ్చాయి. ఒక తరం గడిచేసరికి, సాల్మన్ లేని సుషీ ఉండేదంటే జపాన్ పిల్లలే నమ్మని స్థితి వచ్చింది.

గుంకన్ అనే రకం కథా ఇలాంటిదే. అన్నం ముద్ద చుట్టూ నోరి అనే సముద్రపు నాచు పట్టీని గోడలా కట్టి, లోపల చేప గుడ్లు నింపే ఈ పద్ధతిని 1941లో గింజాలోని క్యూబెయి అనే ఖరీదైన దుకాణంలో కనిపెట్టారు. కైతెన్ హోటళ్లు ఆ గోడ లోపల మయొనైజ్ కలిపిన మొక్కజొన్న గింజలు నింపాయి. సంప్రదాయవాదులు దీన్ని తప్పుపడతారు. చిన్నపిల్లలు మొదట తినే సుషీ తరచుగా ఇదే కాబట్టి, రేపటి సుషీ ప్రియుల్ని తయారుచేసే ముక్కను తక్కువ చేసి చూడటం సరి కాదు.

ట్యూనాను దూర సముద్రాల్లో పట్టి పడవ మీదే సున్నాకు దిగువన 60 డిగ్రీల వద్ద గడ్డకట్టిస్తారు. ఆ చలిలో రంగు చెడదు, ఏడాది దాటినా ఎర్రగా ఉంటుంది. పచ్చి చేపలో ఉండే అనిసాకిస్ అనే పురుగు సున్నాకు దిగువన 20 డిగ్రీల వద్ద 24 గంటలు ఉంచితే చస్తుంది. చవక సుషీలో అధికభాగం ఒకసారి గడ్డకట్టించిన చేపే అన్నది లోపం కాదు, రక్షణ. 'ఎంగావా' పేరుతో వచ్చే కరకరలాడే తెల్లటి ముక్క పెద్ద దుకాణాల్లో హిరామే అనే బల్లపరుపు చేపది, కైతెన్ హోటళ్లలో మాత్రం ఉత్తర సముద్రాల్లో దొరికే గ్రీన్‌లాండ్ హాలిబట్ చేపది.

నిగిరి మీద పరిచే ఉడికించిన రొయ్యను చూడండి, విల్లులా వంగకుండా తిన్నగా ఉంటుంది. ఉడికించే ముందు పొట్ట పక్కగా సన్నటి పుల్ల గుచ్చుతారు, తర్వాత పుల్ల లాగేసి పొట్ట చీల్చి పుస్తకంలా విప్పుతారు. థాయిలాండ్, వియత్నాం, ఇండొనేషియా ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు ఈ పని చేస్తారు. రొయ్యల పెంపకంలో మన దేశంలో ముందున్న ఆంధ్రప్రదేశ్‌కు అమెరికా పెద్ద కొనుగోలుదారు అయినా, జపాన్‌తో బంధం పాతది. నల్ల టైగర్ రొయ్యను ఇష్టంగా కొనే దేశాల్లో జపాన్ ముందు వరసలో ఉంటుంది.

బెల్టు ఆగిన రోజులు

2023 జనవరి చివర్లో గిఫు నగరంలోని ఒక సుషిరో శాఖలో ఒక కుర్రవాడు సోయా సాస్ సీసా మూతినీ, శుభ్రమైన కప్పులనూ నాకి, వేలికి ఉమ్మి రాసుకుని బెల్టు మీద పోతున్న సుషీని తాకిన వీడియో బయటికొచ్చింది. దేశమంతా అట్టుడికింది. ఇలాంటి వీడియోలు ఇతర హోటళ్లవీ వరసగా వచ్చాయి. సుషిరో మాతృసంస్థ షేరు ధర పడిపోయింది. సంస్థ ఆ కుర్రవాడి మీద దాదాపు 6 కోట్ల 70 లక్షల యెన్‌ల నష్టపరిహారానికి దావా వేసి, జులైలో రాజీకి వచ్చింది.

తెలియనివాళ్లు చేయి పెట్టగలిగే దూరంలో మూత లేని తిండి తిరుగుతుంటే అందరూ నిశ్చింతగా తినడం, ఈ హోటళ్లు అరవై ఏళ్లుగా నడిచిన పునాది. ఒక్క వీడియోతో అది కదిలింది. సుషిరో శాఖల్లో ప్లేట్లను ఊరికే తిప్పడం ఆగిపోయింది, ఆర్డర్ ఇచ్చిన ప్లేటు మాత్రమే బెల్టు మీద వస్తుంది. 2023 సెప్టెంబరులో కొన్ని శాఖల్లో బల్ల పొడవునా పెద్ద తెర పెట్టి, దాని మీద సుషీ బొమ్మలు తిరుగుతున్నట్టు చూపించడం మొదలుపెట్టింది. బొమ్మను ముడితే అసలు ప్లేటు వస్తుంది. కురా మాత్రం బెల్టును వదలలేదు. 2011 నుంచే ప్రతి ప్లేటుకూ గుండ్రటి పారదర్శకపు మూత పెడుతోంది, ప్లేటు అంచు ఎత్తితే మూత తెరుచుకుంటుంది. ఆ ఘటన తర్వాత, మూత తెరిచి ప్లేటు తీయకుండా వదిలేస్తే కనిపెట్టే కెమెరాలు చేర్చింది. ఆర్డర్ మీదే నడిచే హోటల్లో వృథా తక్కువ, శుభ్రం ఎక్కువ, ఇది కాదనలేం. పేరు తెలియని చేప ఎదురుగా వచ్చి, చూపుకు నచ్చి, చేయి చాచి తీసుకోవడం మాత్రం అక్కడ కుదరదు. కురా పట్టుదల వెనక ఆ సంగతి ఉందని నా అభిప్రాయం.

2025 ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో కురా సుమారు 135 మీటర్ల పొడవైన బెల్టుతో హోటల్ పెట్టి, 70 దేశాల వంటకాలను దాని మీద తిప్పింది.

చవక సంస్థల పక్కనే ఇంకో రకం కైతెన్ హోటళ్లున్నాయి. హొక్కయిదోలో నెమురో హనమారు, తొరితోన్, కనజవాలో మొరిమొరి సుషీ లాంటివి. రేవులో ఆ ఉదయం దిగిన చేపను, వంటవాళ్లు మీ ముందే చేత్తో అద్ది బెల్టు మీద పెడతారు. ధర రెండు మూడింతలు. ప్లేట్ల రంగులు ఎక్కువ, బంగారు రంగు ప్లేటు తీసే ముందు జేబు తడుముకోవాలి. అయినా ధర ముందే తెలుస్తుంది. ఉస్తాదు చేతి రుచి, బెల్టు ఇచ్చే ధైర్యం రెండూ ఒకచోట దొరికే ఈ హోటళ్లే మొత్తం పద్ధతిలో ఉత్తమమైనవి.

జపాన్ బయటా, తెలుగువాళ్ల బల్ల మీదా

లండన్‌లో 1990ల్లో కైతెన్ హోటళ్లు మొదలయ్యాయి. 1997లో సోహోలో తెరిచిన యో సుషీ వాటిలో ఎక్కువ పేరు తెచ్చుకుంది. తైవాన్, హాంగ్‌కాంగ్, సింగపూర్‌లలో జపాన్ సంస్థలే నేరుగా శాఖలు తెరిచాయి. 2021 మార్చిలో తైవాన్ సుషిరో, పేరులో సాల్మన్ అన్న అర్థం వచ్చే అక్షరాలున్నవాళ్లకు ఉచితంగా పెడతామని ప్రకటిస్తే, మూడు వందల మందికి పైగా ప్రభుత్వ కార్యాలయాలకు వెళ్లి అధికారికంగా పేరు మార్చుకున్నారు. కురా అమెరికా విభాగం 2019లో నాస్‌డాక్ స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. కాలిఫోర్నియా, టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో తెలుగు కుటుంబాలు పిల్లల కోసం అక్కడికి వెళ్లడం ఇప్పుడు మామూలే. ఆట, బొమ్మ, తిరిగే బెల్టు అక్కడా అలాగే ఉంటాయి.

టోక్యోలో నిషి-కసాయి చుట్టుపక్కల ఉండే మన ఐటీ ఉద్యోగుల్లో శాకాహారులకు ఈ హోటళ్లు కొంచెం చిక్కే. దోసకాయ చుట్టిన కప్పా-మాకి, పులిసిన సోయా గింజల నత్తో-మాకి చేప లేనివి, అయితే నత్తోతోపాటు వచ్చే సాస్‌లో చేప రసం ఉండవచ్చు. అట్టు ముక్కలా కనిపించే గుడ్డు నిగిరిలో, తీపి తోఫు సంచిలో అన్నం నింపిన ఇనారిలో, మిసో సూపులో, గుడ్డు కస్టర్డ్‌లో దషి అనే ఎండు చేప కషాయం కలవడం మామూలు. పచ్చి చేప తినడానికి జంకే మాంసాహారులకు ఉడికించిన రొయ్య, కాల్చిన పాముచేప, మంటతో పైపైన కమిలించిన సాల్మన్ ఉన్నాయి. ఈ చివరిదాన్ని తెర మీద 'అబురి' అన్న విభాగంలో వెతకాలి. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు మధ్య వెళితే టోకెన్ అక్కర్లేకుండానే బల్ల దొరుకుతుంది.